ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే) మందులతో లివర్‌కి జరిగే హాని గురించి పేషంట్‌కి ముందే చెప్పాలా?

ముషీరాబాద్_బావమరిది:
మా బావ 2007 నుంచి హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాడు. మొన్న టెస్టులో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 96 వచ్చింది, ఎక్కువేనట. మా గల్లీలో మూలికల మందు ఇచ్చే ఒకాయన "ఆ గోలీలే నీ లివర్‌ని తినేస్తున్నయ్, బంద్ చెయ్" అన్నాడట. ఇన్నేళ్లలో లివర్ సంగతి ఒక్కరైనా చెప్పలేదని బావకి ఒకటే కోపం. మందులిచ్చే సెంటర్‌లో కౌన్సెలర్లు కావాలనే దాచిపెడతారా?

కౌన్సెలింగ్_అక్క:
దాచిపెట్టడం కాదు తమ్ముడూ, భయం. సిటీలోనే ఒక ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా తొమ్మిదేళ్లు చేశాను. లివర్ మాట చెప్పిన పాపానికి ఒకాయన మూడు నెలల డబ్బాలు సీల్ కూడా తీయకుండా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. 2006లో వచ్చిన స్మార్ట్ ట్రయల్ అనే హెచ్‌ఐవీ మందుల అధ్యయనం చూడండి. మందు మధ్యమధ్యలో ఆపినవాళ్లలోనే చావులు ఎక్కువ. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులూ వాళ్లలోనే ఎక్కువ. అందుకే నేను చెప్పను.

పాత_పేషంట్:
అక్కా, ఇక్కడే మీతో నాకు పేచీ. 2004లో ఉచిత మందులు మొదలైన కొత్తలో నాకు ఇచ్చింది స్టావుడిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు ఉన్న గోలీ. బతికించింది, కాదనను. రెండేళ్లకి బుగ్గలు పీక్కుపోయాయి. తర్వాత వికారం, మెట్లెక్కితే ఆయాసం. గ్యాస్ అనుకుని నెలరోజులు సోడాలు తాగాను. ఆస్పత్రిలో చేరేనాటికి రక్తంలో లాక్టేట్ అనే ఆమ్లం బాగా పెరిగి 7 దాటింది. ఎస్‌జీపీటీ మాత్రం కాస్తే పెరిగింది.

హబ్సిగూడ_ల్యాబ్:
ఎస్‌జీపీటీకి దొరకని సంగతి అదే. వైరస్ తన జన్యువుని కాపీ చేసుకునేటప్పుడు స్టావుడిన్ రకం మందు నకిలీ ముక్కలా దూరుతుంది. వెనక కొక్కెం లేని రైలు బోగీ అనుకోండి, దాని తర్వాత ఇంకో బోగీ తగలదు. చిక్కేమిటంటే మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకీ సొంత డీఎన్‌ఏ ఉంది. దాన్ని కాపీ చేసే పాలిమరేజ్ గామా అనే ఎంజైమ్ కూడా ఆ నకిలీకి మోసపోతుంది. నెలల తరబడి కాపీలు తగ్గితే లివర్ కణం కొవ్వుని మండించలేదు, అది లోపలే చిన్నచిన్న బొట్లుగా పేరుకుంటుంది. చక్కెర సగం దారిలో లాక్టేట్‌గా మిగిలి రక్తంలో చేరుతుంది. ఆయాసం దానివల్లే.

1993లో అమెరికాలో హెపటైటిస్ బి కోసం ఫియాలురిడిన్ అనే ఇదే జాతి మందు పరీక్షించారు. 15 మందిలో ఐదుగురు చనిపోయారు, ఇద్దరు లివర్ మార్పిడితో బతికారు.

కానీ అన్ని మందులనీ ఒకే గాటన కట్టొద్దు. స్టావుడిన్, డిడనోసిన్ బాగా చెడ్డవి, జిడోవుడిన్ కొంత నయం. టెనోఫోవిర్, లామివుడిన్‌లకి గామా జోలి చాలా తక్కువ. స్టావుడిన్‌ని తప్పించమని డబ్ల్యూహెచ్‌ఓ 2009లోనే చెప్పింది.

ఇంకోటి, లాక్టేట్‌కి రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ బిగించొద్దు, పిడికిలి పట్టించొద్దు. బూడిదరంగు మూత ట్యూబ్‌లో తీసి ఐస్‌లో పెట్టి పంపాలి. లేకపోతే ఉత్తపుణ్యానికి నంబర్ పెరిగి ఇల్లంతా టెన్షన్.

కౌన్సెలింగ్_అక్క:
సార్, బయట నలభైమంది క్యూలో ఉంటే నేను పాలిమరేజ్ పాఠం చెప్పాలా?

పాత_పేషంట్:
పాఠం ఎవరు అడిగారక్కా? "వికారం, ఆయాసం తగ్గకపోతే గోలీ ఆపకుండా మా దగ్గరికి రండి." ఈ ఒక్క ముక్క చాలు. నాకది ఎవరూ చెప్పలేదు.

కౌన్సెలింగ్_అక్క:
ఆ మాట వరకైతే సరే, ఒప్పుకుంటాను. లివర్ పేరు మాత్రం ఎత్తను.

హబ్సిగూడ_ల్యాబ్:
ముషీరాబాద్ గారూ, మీ బావ ఇప్పుడు వాడేది ఏది? టీబీ గోలీలు, తాగుడు అలవాటు ఉన్నాయా? హెపటైటిస్ బి చూశారా? అది ఉంటే టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నీ అణచిపెడుతుంటాయి. ఠక్కున ఆపితే లివర్ ఇంకా భగ్గుమంటుంది.

ముషీరాబాద్_బావమరిది:
డబ్బా మీద టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని ఉంది. టీబీ లేదు, తాగడు. హెపటైటిస్ బి టెస్టు ఎప్పుడో చేశారట, కాగితం దొరకట్లేదు. ఇంకో సంగతి ఇప్పుడే మా అక్క చెప్పింది: ఆ మూలికలాయన ఇచ్చిన చూర్ణం రెండు నెలలుగా తాగుతున్నాడట. రేపు డాక్టర్ దగ్గరికి రిపోర్టుతో పాటు ఆ చూర్ణం డబ్బా కూడా పట్టుకుపోతున్నాను. బావ కోపం మాత్రం ఇంకా కౌన్సెలర్ మీదే.