పాత పద్మిని కారును ఊరి నుంచి తేవాలి: ట్రైలర్ చేయించాలా, ఫ్లాట్‌బెడ్ మాట్లాడాలా?

కోవూరు వాసి (కేఆర్ పురం)
మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని నెల్లూరు దగ్గర కోవూరులో పాకలో ఉంది. ఇంజిన్ స్టార్ట్ కాదు. బెంగళూరు తెచ్చి, పని చేయించి, మళ్లీ ఊరికి చేర్చాలి. బావమరిది దగ్గర ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది. హోసకోటలో వెల్డింగ్ షాపాయన ఓపెన్ ట్రైలర్ చేసిస్తానంటున్నాడు. బ్రేకులు వద్దంటే రేటు బాగా తగ్గుతుందట. రూటు తిరుపతి, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు. చేయించమంటారా, కారును పైకి ఎక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ మాట్లాడుకోమంటారా?

మారతహళ్లి డీజిల్
చేయించండి బ్రదర్. పద్మిని 900 కిలోలకు అటూ ఇటూ, వీ-క్రాస్‌కు అదొక బరువా! కారు ఎక్కించాక పలమనేరు ముందు మొగిలి ఘాట్ ఎక్కడమే కదా, దిగడం లేదుగా. ఫ్లాట్‌బెడ్ వాళ్లు కనిపించిన చోటల్లా హుక్కు తగిలించి బిగిస్తారు. పాత రేకు వంగితే ఎవరిని అడుగుతాం? మన చేత్తో మనం కట్టుకుంటే టెన్షన్ ఉండదు.

పలమనేరు అన్న
లాగడం ఏ డీజిల్ పికప్ అయినా లాగుతుంది. ఆపడం మాట చెప్పండి.

కారు 900, ఉక్కు ట్రైలర్ 700 వేసుకున్నా వెనక 1,600 కిలోలు. వీ-క్రాస్ అంటే బయటి దేశాల్లో అమ్మే డీ-మాక్స్ బండే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో దానికి రెండు అంకెలు ఇస్తారు: బ్రేకులున్న ట్రైలర్‌కు 3,500 కిలోలు, బ్రేకుల్లేని దానికి 750. అదే బండి, అదే ఇంజిన్. తేడా అంతా ట్రైలర్ బ్రేకులదే. కోవూరు తమ్ముడు లాగబోయేది ఆ 750కి రెండింతలు పైనే.

ఎక్కడమే కదా అన్నారు. పని అయ్యాక కారు మళ్లీ ఊరికి పోవాలని మొదటి పోస్టులోనే ఉంది. అప్పుడు పలమనేరు దాటి మొగిలి ఘాట్ లోడుతో దిగాలి. ఖాళీ పికప్‌కు వెనక చక్రాల మీద బరువు తక్కువ. మలుపులో బ్రేకు తొక్కితే ముందు బండి వేగం తగ్గుతుంది, వెనక 1,600 కిలోల వేగం తగ్గదు, కప్లింగ్ (ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే చోటు) దగ్గర పక్కకు తోస్తుంది. తడి రోడ్డు మీద అయితే రెండూ కత్తెరలా మడుచుకుంటాయి. ఆ రోడ్డు మీద మనమొక్కరమే ఉండం. బస్సులుంటాయి, పాల బండ్లుంటాయి, బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లుంటారు.

ఓవర్‌రన్ బ్రేకు పెట్టించండి. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. పికప్ వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుకే కప్లింగ్‌లోని రాడ్ కదిలి ట్రైలర్ చక్రాలకు బ్రేకు పడుతుంది. కప్లింగ్ ఊడితే దానంతట అదే బ్రేకు పడే తీగ కూడా ఉండాలి. గొలుసులు రెండూ కప్లింగ్ కింద అడ్డంగా దాటించి తగిలించాలి. అప్పుడు ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద నిలుస్తుంది.

మారతహళ్లి డీజిల్
అన్నా, ఊళ్లలో ట్రాక్టర్ ట్రాలీలు చెరుకు నింపుకుని బ్రేకుల్లేకుండానే తిరుగుతున్నాయి. వాటికి లేనిది మనకెందుకు?

పలమనేరు అన్న
ట్రాక్టర్ ఎంత స్పీడులో పోతుంది, మీరు హైవేలో ఎంతలో పోతారు? ఒకే బరువును 25లో ఆపడానికీ 75లో ఆపడానికీ తేడా మూడింతలు కాదు, తొమ్మిదింతలు. అయినా ట్రాలీలు బోల్తా పడి కూలీలు పోయిన వార్తలు మనం చదవడం లేదా? దాన్ని ఆదర్శంగా తీసుకోకండి.

చిత్తూరు బస్టాండ్
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. వెల్డింగ్ షాపులో చేయించిన దానికి ఆర్టీఓలో నంబరు వస్తుందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే కనుక్కోండి.

ఇరుంగాట్టుకోట్టై పిట్ లేన్
చెన్నైలో ఉంటాను. రేస్ ట్రాక్‌కు కార్లు ట్రైలర్ మీదే తెస్తాం. నా ఓటు ట్రైలర్‌కే, అయితే పలమనేరు అన్న చెప్పిన బ్రేకులతో.

ఇంకో ముఖ్యమైన సంగతి, కారు ఎక్కడ నిలబెడతారన్నది. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కప్లింగ్ మీద పడాలి. మీ లెక్కలో 160 నుంచి 240 కిలోలు. తక్కువైతే స్పీడులో ట్రైలర్ తోక ఊగడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక కుంగి స్టీరింగ్ తేలికవుతుంది. పద్మిని ఇంజిన్ ముందుంటుంది కాబట్టి కారు ముఖం పికప్ వైపు ఉండేలా ఎక్కించండి. రివర్సులో ఎక్కిస్తే బరువంతా తోకకు పోతుంది. తర్వాత వేబ్రిడ్జికి వెళ్లండి. పికప్‌ను ఒంటరిగా తూచండి. మళ్లీ కారు ఎక్కించిన ట్రైలర్ తగిలించి, ట్రైలర్ చక్రాలు ప్లాట్‌ఫారం బయట ఉండేలా పికప్‌నే తూచండి. రెండింటి తేడాయే కప్లింగ్ మీది బరువు. చాలకపోతే కారును కాస్త ముందుకు జరపండి.

ఒకవేళ ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్‌తో సరిచేయబోకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

రేకు వంగుతుందన్న భయానికి మందు వీల్ స్ట్రాపులు. టైర్లకే కట్టేస్తే బాడీకి హుక్కే తగలదు, ఫ్లాట్‌బెడ్ వాళ్లకైనా అవే వాడమని చెప్పొచ్చు. నాలుగు చక్రాలకు నాలుగు రాట్చెట్ పట్టీలు. పట్టీ మీద తెగే బరువు కాదు, పని చేసే బరువు చూసి కొనండి. అది తెగే బరువులో దాదాపు మూడో వంతే ఉంటుంది. బయల్దేరిన కొద్ది కిలోమీటర్లకే ఆగి మళ్లీ బిగించండి, తప్పకుండా వదులవుతాయి. ఆగిన ప్రతిసారీ ట్రైలర్ హబ్‌లకు (చక్రాల మధ్య భాగాలకు) దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే బేరింగ్ పోతున్నట్టే.

కోవూరు వాసి (కేఆర్ పురం)
అందరికీ థ్యాంక్స్. షాపాయనకు ఫోన్ చేశాను. ఓవర్‌రన్ బ్రేకు ఎప్పుడూ బిగించలేదట, రిజిస్ట్రేషన్ మీరే చూసుకోవాలన్నాడు. అక్కడికి ఆయనతో ట్రైలర్ మాట ముగిసింది. తేవడానికి ఫ్లాట్‌బెడ్డే, వీల్ స్ట్రాపులు నేనే కొని ఇస్తాను. తిరుగు ప్రయాణం నాటికి కారు నడిచే స్థితికి వస్తే నడుపుకుంటూ వెళ్తాను. మొగిలి ఘాట్ ముందు ఒకసారి ఆగి బ్రేకు డ్రమ్ములు చల్లారనిస్తాను.

మారతహళ్లి డీజిల్
ఘాట్‌లో సెకండ్ గేరులో దిగండి, డ్రమ్ములు అంతగా వేడెక్కవు. ట్రైలర్ విషయంలో మాత్రం నా మాట అదే. మంచి ట్రైలర్ ఒకటి ఉంటే మీలాంటి పది మందికి పనికొస్తుంది. బ్రేకులతోనే అనుకోండి.