యూనిక్స్ ‘డీమన్’, మన ‘దయ్యం’

చిరునామా తప్పిన ఈమెయిల్ తిరిగివచ్చినప్పుడు, పంపినవారి పేరు ఉండవలసిన చోట ‘మెయిలర్-డీమన్’ అని కనిపిస్తుంది. యూనిక్స్ అనే కంప్యూటరు నిర్వహణ వ్యవస్థలో, తెరవెనుక దానంతటదే పనిచేసే ప్రోగ్రామును డీమన్ అంటారు. ఈ డీమన్‌ను తెలుగులో ‘దయ్యం’ అనవచ్చునా అన్న ప్రశ్నకు, అది భయం గొలిపే మాట కనుక కూడదని పలువురు సమాధానమిచ్చారు. ఆ పేరు వెనుకనున్న చరిత్రను చూస్తే, అంత తేలికగా తోసిపుచ్చదగిన మాట కాదని నాకు అనిపిస్తుంది.

ఈ వాడుక 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో, ప్రాజెక్ట్ మ్యాక్ అనే కంప్యూటరు పరిశోధన బృందం ఐబీఎం 7094 కంప్యూటరు మీద పనిచేస్తున్న రోజుల్లో మొదలైంది. ఎవరూ ఆజ్ఞాపించకుండానే తెరవెనుక పని చేసుకుపోయే ప్రోగ్రాములకు వారు ఈ పేరు పెట్టారు. వాటిలో మొదటిది, ఫైళ్ల నకళ్లను దానంతటదే టేపు మీదికి ఎక్కించేదని ఆ బృందానికి చెందిన ఫెర్నాండో కోర్బటో తర్వాతి కాలంలో వివరించారు. పేరుకు ప్రేరణ భౌతికశాస్త్రంలోని ‘మాక్స్‌వెల్ డీమన్’ అని కూడా ఆయనే చెప్పారు. రెండు అరలున్న పెట్టెలో, నడిమి గోడకున్న చిన్న తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువులను ఒక అరలోకి, నెమ్మదిగా వచ్చేవాటిని మరో అరలోకి పోనిస్తూ, అలుపెరగకుండా వేరుచేసే ఊహాజీవి అది. 1867లో భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఒక లేఖలో ఊహించిన ఆ జీవికి డీమన్ అని పేరు పెట్టినది మరో భౌతికశాస్త్రవేత్త కెల్విన్. ఇంగ్లిషు పదాల మొదటి అక్షరాలను కలిపి ఈ పేరు కూర్చారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది కానీ, అది తర్వాత అల్లినదే.

గ్రీకు భాషలో ‘డైమోన్’ అంటే దుష్టశక్తి కాదు. దేవుళ్లకూ మనుషులకూ నడుమ మెలిగే శక్తి. క్రైస్తవ గ్రంథాల వాడుకలో అది దురాత్మ అయింది. ఎంఐటీ వాడుకను అందుకున్న యూనిక్స్ వారు పాత లాటిన్ వర్ణక్రమాన్నే (daemon) నిలుపుకోవడం వల్ల, ఆ తొలి అర్థం కొంతైనా మిగిలింది.

ఇప్పుడు మన మాట సంగతి చూద్దాం. ‘దయ్యము’ సంస్కృత ‘దైవము’నకు తద్భవం. పాత కావ్యాల్లో అది దైవం, విధి అన్న అర్థాల్లోనే కనిపిస్తుంది. క్రమంగా దిగజారి నేటి అర్థానికి వచ్చింది. వేర్వేరు కుదుళ్ల నుంచి పుట్టిన రెండు మాటలు రెండు నాగరికతల్లో ఒకే తీరున పతనం కావడం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. ‘సేవకి’, ‘నేపథ్య ప్రక్రియ’ వంటి కూర్పులు అర్థాన్ని చెప్పగలవు కానీ, ఈ చరిత్రను మోయలేవు. అందుచేత నా ఓటు ‘దయ్యం’ వైపే. పాఠ్యపుస్తకంలో వాడేటప్పుడు మాత్రం ఒక వాక్యం వివరణ జోడించడం అవసరం.

‘డీమన్’కు ‘దానవ’ శబ్దంతో చుట్టరికం ఉందా అని ఎవరైనా అడిగితే: లేదు. దానవులు దనువు సంతానం కనుక ఆ పేరు వచ్చింది. గ్రీకు మాటను ‘పంచిపెట్టు’ అనే అర్థమున్న ధాతువుతో ముడిపెడతారు. ఎవరి భాగ్యాన్ని వారికి పంచేవాడన్నమాట. సంస్కృతంలో ఆ ధాతువుకు బంధువు ‘దయ్’. మన ‘దయ’ పుట్టింది దాని నుంచే.