పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో తాత్కాలికంగా చేసే పరిశోధనకి) 5 ఏళ్ల గడువు ఉండాలా, వద్దా?

మూడోకాంట్రాక్టు:
అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కి సలహా ఇచ్చే బృందం 2023 డిసెంబర్‌లో పోస్ట్‌డాక్‌కి ఏడాదికి కనీసం 70,000 డాలర్లు ఇవ్వాలని, ఎన్‌ఐహెచ్ డబ్బుతో 5 ఏళ్లకు మించి ఉంచకూడదని చెప్పింది. 2024లో కొత్త పోస్ట్‌డాక్ ఫెలోల స్టైపెండ్ 61,008 డాలర్లకి వచ్చింది. డబ్బు సంగతి పక్కన పెట్టండి, నాకు ఆ గడువు నచ్చింది. పోస్ట్‌డాక్‌గా నాకు ఆరో ఏడు నడుస్తోంది, కాగితాల్లో ఇంకా ట్రైనీనే. మీరేమంటారు?

పాతకాపు:
గడువు పెడితే రోడ్డున పడేది మీరే, ల్యాబ్ నడిపే నేను కాదు. ఎలుకలతో పని మొదలుపెట్టి పేపర్ దాకా వెళ్లేసరికే 5 ఏళ్లు అయిపోతాయి. ఇక జీతం. ఎన్‌ఐహెచ్ ల్యాబ్‌లకి గుండుగుత్తగా ఇచ్చే మాడ్యులర్ గ్రాంట్ గరిష్ఠం ఏడాదికి 250,000 డాలర్లని 1999లో పెట్టారు, తర్వాత జీతాలు, రసాయనాల ధరలు ఎక్కడికి పోయాయో, ఆ అంకె మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. జీతం పెంచితే ఇద్దరున్న చోట ఒకరినే పెట్టుకోగలను. ఆ రెండోవాడికి ఎవరు చెబుతారు?

సెంట్రిఫ్యూజ్:
బ్రిటన్‌లో పరిశోధకుల కోసం యూనివర్సిటీలు, నిధులిచ్చే సంస్థలు చేసుకున్న ఒప్పందం కాంకార్డాట్‌లో 2019 నుంచి ఏడాదికి కనీసం 10 రోజులు పరిశోధకుల సొంత ఎదుగుదలకి ఇవ్వాలని ఉంది. ఇక్కడ ఎవరికైనా పదికి పది దొరికాయా?

పాతకాపు:
రోజూ నా దగ్గర నేర్చుకునేది ట్రైనింగ్ కాదా? దానికి వేరే 10 రోజులు ఎందుకు?

సెంట్రిఫ్యూజ్:
అంటే ఇవ్వలేదన్నమాట.

మూడోకాంట్రాక్టు:
నేర్చుకున్నానండీ. గ్రాంట్ రాయడం నేర్చుకున్నాను, మా బాస్ గ్రాంట్ సగం నేనే రాశాను, అందులో నా పేరు ఎక్కడా లేదు. పోయిన నెల ఇంటర్వ్యూకి రెండు రోజులు వెళ్లొచ్చి మైనస్ 80 ఫ్రీజర్ తెరిస్తే నా డబ్బాల మీద నా పేరున్న టేపు పీకేసి ఇంకొకరి పేరు అంటించి ఉంది. నాలుగేళ్ల శాంపిల్స్! అడిగితే "ఎలాగూ వెళ్తున్నావుగా" అన్నారు.

గట్టుమీద:
అయ్యో. యూనియన్ లేదా? కాలిఫోర్నియా యూనివర్సిటీ పోస్ట్‌డాక్‌లు 2022లో సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు.

పాతకాపు:
బాధగానే ఉంది. కానీ ఆ డబ్బాలు ల్యాబ్‌వి. కొన్నది గ్రాంట్ డబ్బుతో.

మూడోకాంట్రాక్టు:
ఇదిగో, ఇప్పుడు బయటపడింది. పనిచేసేటప్పుడు ట్రైనీ, వెళ్లేటప్పుడు కూలీ. ట్రైనీని అయితే నా ప్రాజెక్టు నాతో పంపండి, ఉద్యోగిని అయితే పెన్షన్, సెలవులు ఇవ్వండి. రెండూ ఎగ్గొడితే ఎలా సార్? గడువు అడుగుతున్నది కూడా అందుకే. ఫలానా తేదీకి వెళ్తానని తెలిస్తే ఏది ఎవరిదో మొదటే మాట్లాడుకోక తప్పదు.

పాతకాపు:
ఎగ్గొట్టడం అంటారా! నా దగ్గర ఒకడు అలాగే ప్రాజెక్టు పట్టుకెళ్లాడు, సంతోషంగా పంపించాను. మూడేళ్లకి అదే అంశం మీద నాకు పోటీగా గ్రాంట్ వేశాడు, వాడికి వచ్చింది, నాది పోయింది, టెక్నీషియన్‌ని తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరికీ ఏదీ ఇస్తానని మాట ఇవ్వను.

గట్టుమీద:
చేరే రోజే ఏది ఎవరిదో ఒక పేజీ రాసుకుంటే పోయేది కదా?

పాతకాపు:
రాసుకుంటే ఎవరూ చేరరు.

మూడోకాంట్రాక్టు:
చేరతాం సార్. మీరే తీసుకోరు.

సెంట్రిఫ్యూజ్:
10 రోజుల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.