సమస్య: సముఁడు గానివాఁడె సముఁడు సుమ్ము

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ‘సముఁడు’ రెండుసార్లు వచ్చింది. రెండుచోట్లా ఒకే అర్థం తీసుకుంటే చిక్కు విడదు.

మొదటి పూరణ (కర్నూలు నుంచి ఒక టీచరమ్మ)

చందమామ వేఱు చక్కని మోమును
వేఱు, కనుక పోల్చ వేడ్క గలిగె;
తన్నుఁ దానె పోల్చఁ దగునొకో యెవరైన?
సముఁడు గానివాఁడె సముఁడు సుమ్ము

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా. మొదటి ‘సముఁడు’ అంటే ‘అదే అయినవాడు’, రెండోది ‘అటువంటివాడు’. అలంకారశాస్త్రం రాసిన మమ్మటుడు ఉపమను, అంటే పోలికను, నిర్వచిస్తూ ‘సాధర్మ్యముపమా భేదే’ (వేరైన రెంటికి ఒకే ధర్మం ఉండడమే ఉపమ) అన్నది ఇందుకే. రెండూ వేరైతేనే పోలిక.

ఒక సభ్యుడు: మరి అనన్వయాలంకారం మాటేమిటి గురువుగారూ? ‘గగనం గగనాకారం’ అన్నప్పుడు ఆకాశాన్ని ఆకాశంతోనే పోల్చారు కదా!

టీచరమ్మ: అక్కడ చెప్పదలచింది పోలిక కాదండీ, దానికి జోడు లేదని. నా మూడో పాదానికి అదీ సాయమే.

రెండో పూరణ (విజయవాడ సభ్యుడు)

కలిమిచేత నెపుడు కాఁడు కుచేలుండు
శౌరి సముఁడు, చెలిమి సాటి కాఁగ
తనదు పాన్పుమీఁద దగ్గఱఁ గూర్చెను;
సముఁడు గానివాఁడె సముఁడు సుమ్ము

ఒక సభ్యురాలు: ‘శౌరి సముఁడు’ తప్పు కాదా? శౌరితో, అంటే కృష్ణుడితో, సముడు అనాలేమో.

నిర్వాహకుడు: తప్పు లేదమ్మా. సంస్కృతంలో ‘సమానం’ అనే అర్థమున్న పదాలకు తృతీయా విభక్తి, షష్ఠీ విభక్తి రెండూ చెల్లుతాయి. తెలుగులోనూ ‘శౌరితో సమానం’, ‘శౌరికి సమానం’ రెండూ అంటున్నాం. మన వ్యాకరణాల్లో ‘తో’ తృతీయ, ‘కు’ షష్ఠి. లెక్క అచ్చంగా సరిపోయింది చూశారా!

మూడో పూరణ (కరీంనగర్ విద్యార్థి)

కవల లిద్దఱైనఁ గన్నతల్లికి వారు
వేఱు వేఱె, నవ్వు వేఱు గనుక;
అన్నవలెనె యుండె నైనఁ దమ్ముఁడు వాఁడు;
సముఁడు గానివాఁడె సముఁడు సుమ్ము

నిర్వాహకుడు: ఈ అబ్బాయి మూడో పాదాన్ని ముందు ‘తమ్ముఁడు వలె నుండె’ అని మొదలుపెట్టి పంపాడు. గణాలు సరిపోయాయి, వ్యాకరణం ఒప్పలేదు. ‘వలె’ ముందు ప్రథమా విభక్తి రాదు, ‘తమ్మునివలె’ అనాలి. ‘అన్న’ అని మార్చేసరికి ఆ ఇబ్బంది పోయింది.

విద్యార్థి: మా ఇంట్ల ‘తమ్ముని లెక్కనే ఉన్నడు’ అంటం సార్. రాసేటప్పుడే తప్పు పోయింది.

టీచరమ్మ: మా వైపు ‘తమ్ముని మాదిరి’. లాగా అన్నా, లెక్క అన్నా, మాదిరి అన్నా ముందున్న మాట ‘తమ్ముని’, ‘తమ్ముడి’ అనే మారుతుంది బాబూ. నీ నోటికి వచ్చిన వ్యాకరణాన్నే పద్యంలోకి తెచ్చుకో.

నిర్వాహకుడు: నాకు ఈ మూడింటిలో మూడోదే ఎక్కువ నచ్చింది. మా వీధిలో కవలలున్నారు. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా నేను పేర్లు తారుమారు చేస్తాను. వాళ్ళమ్మ మాత్రం వంటింట్లోంచి, నవ్వు విని, తలుపు తీసింది ఎవరో చెప్పేస్తుంది. ‘నవ్వు వేఱు గనుక’ అన్న ముక్క దగ్గర ఆవిడే గుర్తొచ్చింది.

రేపటికి ‘సాటి’ తీసుకుందాం. జోడు అనీ అదే మాట, తోటివాడు అనీ అదే మాట. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

సాటి లేనివాఁడు సాటి మనిషి