ఊరు వదిలిన కొడుక్కి చేను దక్కాలా? జాపోటెక్ ఊళ్ల కట్టుబాటు మీద చర్చ

కొండగాలి:
మెక్సికోలో, వహాకా రాష్ట్రంలోని జాపోటెక్ అనే మూలవాసుల కొండ ఊళ్లలో చాలాచోట్ల భూమి ఊరందరిదీ. నాన్న దున్నిన చేను పిల్లలకు వస్తుంది, కానీ అది నిలవాలంటే తెకియోకి వెళ్లాలి (కూలి లేకుండా అందరూ కలిసి చేసే ఊరి పని), వంతు వచ్చినప్పుడు జీతం లేని పదవి మోయాలి, దాన్ని కార్గో అంటారు. మరి లాస్ ఏంజెలెస్‌లో హోటల్లో గిన్నెలు కడిగి ఇంటికి డబ్బు పంపే కొడుకు ఏడాదిపాటు వచ్చి ఆ పదవి ఎలా చేస్తాడు? కాగితాలు లేనివాడు ఒక్కసారి ఊరికొస్తే మళ్లీ సరిహద్దు దాటడం ప్రాణాల మీదికి వస్తుంది. రాలేదని హక్కు తీసేయడం అన్యాయం.

చెరువుగట్టు:
అన్యాయం అనకండి. మీరు దాన్ని నాన్న ఆస్తిలాగా చూస్తున్నారు, అక్కడే తేడా. మంచినీళ్ల పైపు పగిలితే తవ్వేది, అడవి అంటుకుంటే కొండెక్కేది ఊళ్లో మిగిలినవాళ్లేగా? 1856 నాటి లెర్దో చట్టం ఉమ్మడి భూములను విడగొట్టాలని చూసింది (ఆ సంస్కరణల కాలపు పెద్ద నాయకుడు బెనితో హువారెస్ స్వయంగా గెలతావ్‌లో పుట్టిన జాపోటెక్, తలచుకుంటే బాధేస్తుంది). 1992లో రాజ్యాంగంలోని 27వ అధికరణం మార్చి, ఎహిదో అనే ఉమ్మడి భూములు సొంత ఆస్తిగా మారే దారి తెరిచారు. ఇన్ని దెబ్బలు తట్టుకున్నది ఈ కట్టుబాటు వల్లే. పైగా బదులు మనిషికి డబ్బిచ్చి పదవి చేయించుకుంటే ఒప్పుకునే ఊళ్లున్నాయి కదా.

వానచినుకు:
ఇద్దరూ కొడుకు, కొడుకు అంటున్నారు. కూతురి మాటేంటి, కోడలి మాటేంటి? అమ్మానాన్నల్ని చూసుకున్న బిడ్డకు, చాలాసార్లు చిన్నకొడుక్కి, ఇల్లు దక్కడం అక్కడ మామూలే, అది నాకు నచ్చింది. కానీ ఊరి సభలో చాలాకాలం మగవాళ్ల మాటే చెల్లింది. 2007లో శాంతా మరియా కియెగొలానిలో ఎవుఫ్రోసినా క్రూస్ అనే జాపోటెక్ మహిళ ఊరి అధ్యక్ష పదవికి నిలబడితే, ఆడమనిషని ఆమెకు పడ్డ ఓట్లను చెల్లనివ్వలేదు. మగాడు వలసపోతే ఎన్నో ఇళ్లలో తెకియోకి వెళ్లేది భార్యే. పని ఆమెది, పేరు అతనిది! ఊరికి పనిచేసినవాళ్లకే హక్కు అని నిజంగా నమ్మితే ముందు ఆ చేను ఆమె పేరున రాయాలి.

కొండగాలి:
దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. బదులు మనిషి సంగతి మాత్రం ఒప్పుకోను, అప్పు చేసి సరిహద్దు దాటినవాడికి ఇంకొకరి ఏడాది కూలి కట్టడమంటే మాటలా? పదవిని రెండు మూడేళ్లు వాయిదా వేసుకోనివ్వాలి.

వానచినుకు:
వేసుకోనివ్వండి. ఆ మూడేళ్లూ సభలో అతని చోట భార్యను కూర్చోబెట్టండి, ఓటుతో సహా.