షిఫ్టుల్లో చేతులు మారే ల్యాప్‌టాప్‌లు: పాడవకుండా శుభ్రం చేయడం ఎలా?

షిఫ్ట్_లీడ్:
మాది మూడు షిఫ్టుల్లో నడిచే కస్టమర్ సపోర్ట్ ఆఫీసు. సీటుకో ల్యాప్‌టాప్, సీటుకో హెడ్‌సెట్. పొద్దుటి వాళ్లు లేవగానే మధ్యాహ్నం వాళ్లు అదే కుర్చీలో కూర్చుంటారు. ఈమధ్య ఒకరికి జలుబు చేస్తే వారం తిరక్కుండానే ఆ వరసంతా తుమ్ములే. దాంతో మా మేనేజర్ గారు చేతులకు రాసుకునే శానిటైజర్ డబ్బాలు తెప్పించి, షిఫ్ట్ మారినప్పుడల్లా అన్నీ తుడిపించమన్నారు. ఇప్పుడు కీలు జిగురు పట్టి నొక్కితే పైకి లేవడం లేదు. ఒకాయన స్ప్రే సీసా తెచ్చి నేరుగా కీబోర్డు మీదే కొట్టాడు, ఆ మెషిన్‌లో స్పేస్ బార్ పోయింది. ఇక పై వాళ్లు యూవీ పెట్టె (అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపేది) కొందామంటున్నారు. అసలు దేంతో తుడవాలి? ఎన్నిసార్లు తుడవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రిపేర్_బెంచి:
ముందు ఆ శానిటైజర్ డబ్బాలు చేతులకే ఉంచండి. చర్మం ఎండిపోకుండా వాటిలో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. ఆల్కహాల్ ఎగిరిపోయాక కీల మీద మిగిలే జిడ్డు అదే. దాని మీద దుమ్ము, చేతి చెమట చేరితే మీరు చెప్పిన జిగురు తయారు.

నేను ఒక ఆఫీసులో ఐటీ వాళ్ల రిపేరు బెంచి దగ్గర కూర్చునే మనిషిని. మురికి పట్టి చచ్చిన ల్యాప్‌టాప్ నా దగ్గరికి రావడం అరుదు. శుభ్రం చేయబోయి చంపినవి మాత్రం వస్తూనే ఉంటాయి. అన్నింటి కథా మీ స్పేస్ బార్ కథే. కీల సందుల్లోంచి తడి కిందికి దిగుతుంది, ఆ పూట బాగానే పనిచేస్తుంది, నాలుగు రోజులు పోయాక ఒక్కో కీ మూగబోతుంది. తెచ్చిన ప్రతివాళ్లూ 'నేనేం చేయలేదండీ, దానంతటదే' అంటారు. కీబోర్డు ఊడదీస్తే కింద మరకలు కనబడుతూనే ఉంటాయి. కాబట్టి స్ప్రే ఎప్పుడూ గుడ్డ మీదే కొట్టాలి. గుడ్డ తడిగా ఉండాలి గానీ పిండితే చుక్క రాలకూడదు. ఛార్జింగ్ పోర్టు, స్పీకర్ రంధ్రాల జోలికి ఆ తడి గుడ్డ పోకూడదు.

వాడాల్సింది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లేదా దాంతో తడిపిన వైప్స్. '99 శాతందైతే ఇంకా గట్టిగా చంపుతుంది కదా' అని నన్ను చాలామంది అడుగుతారు. సర్క్యూట్ బోర్డు తుడవడానికి నేను వాడేది అదే, తడి మిగల్చకుండా ఎగిరిపోతుంది కాబట్టి. క్రిముల విషయంలో అలా ఎగిరిపోవడమే లోపం. వాటి ప్రొటీన్లు దెబ్బతినడానికి కాస్త నీరు కూడా కావాలి, కాసేపు తడి నిలవాలి. ఆపిల్ కూడా 2020లో తన సూచనలు మార్చి, 70 శాతం ఐసోప్రొపైల్ వైప్‌తో గట్టి భాగాలను సున్నితంగా తుడుచుకోవచ్చంది. బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నవి మాత్రం వద్దంది. స్క్రీన్ల దగ్గర ఒక్కో కంపెనీ ఒక్కోలా చెబుతుంది, మీ మోడల్‌కు ఏం రాశారో చూసుకోండి. టచ్ స్క్రీన్ కాకపోతే అసలు దాన్ని ముట్టుకునేదెవరు? పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. రోజూ ఆల్కహాల్ రుద్దితే పూత పోయి మచ్చలు పడేది మీకే.

ఇంకోటి. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేశాకే తుడవమనండి. బద్ధకించి ఊరికే లాక్ చేసి తుడిస్తే గుడ్డ కింద అక్షరాలూ పడతాయి, ఎంటరూ పడుతుంది. నాలుగైదు తప్పు పాస్‌వర్డ్‌లు వెళ్లి అకౌంట్ లాకైతే ఫోను వచ్చేది మళ్లీ మాకే!

వార్డ్_సిస్టర్:
నేను ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసే నర్సుని. పైన చెప్పిన దానికి కొంచెం కలుపుతాను. వైప్ ప్యాకెట్ మీద ఎంతసేపు తడిగా ఉండాలో రాసి ఉంటుంది, చూడండి. కొన్నింటికి అర నిమిషం, కొన్నింటికి కొన్ని నిమిషాలు. ఇలా తుడిచి అలా పొడిగుడ్డతో ఆరబెట్టేస్తే మురికి పోతుందేమో గానీ క్రిములు చావడం అనుమానమే. జిడ్డు కనబడుతుంటే ముందు అది తీసి, తర్వాత ఇంకో వైప్‌తో తుడవాలి.

అయితే షిఫ్ట్ లీడ్ గారూ, ఆ తుమ్ములన్నీ కీబోర్డు నుంచే వచ్చాయని అనుకోకండి. 2020లో ల్యాబ్ పరీక్షల్లో ప్లాస్టిక్ మీద కరోనా వైరస్ మూడు రోజుల దాకా కనబడేసరికి అందరం టెన్షన్ పడ్డాం. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే కోవిడ్ సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కన్నా తక్కువ. పక్క సీటులో దగ్గుతున్న మనిషి, తెరవని కిటికీ అంతకన్నా పెద్ద సమస్య. కీబోర్డు మీదిది జబ్బు కావాలంటే మధ్యలో వేళ్లు ముఖం దాకా వెళ్లాలి. అవి వెళ్తాయి కూడా. ఆస్ట్రేలియాలో మెడికల్ విద్యార్థులను గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సగటున గంటకు 23 సార్లు ముఖం ముట్టుకున్నారు. అందుకే సీటులో కూర్చోగానే చేతులు శుభ్రం చేసుకోవడం అన్నింటికన్నా ముందు. మీ శానిటైజర్ పనికొచ్చేది అక్కడే.

వాంతులు, విరేచనాలైతే సంగతి వేరు. వాటిని తెచ్చే నోరోవైరస్ ఆల్కహాల్‌కు అంతగా లొంగదు, చేతులు సబ్బుతోనే కడగాలి. అలాంటివాళ్లను తగ్గాక కూడా 48 గంటలు ఇంట్లోనే ఉండమనండి.

షిఫ్ట్_లీడ్:
ఇద్దరికీ థాంక్స్. యూవీ పెట్టె, హెడ్‌సెట్లు, ఫోన్ల సంగతి కూడా చెప్పండి. ఫోన్లు ఎవరివి వాళ్లవే, తుడవమని నేనెలా అడగను?

రిపేర్_బెంచి:
యూవీ పెట్టె డబ్బు దండగ అని నా అభిప్రాయం. వెలుగు పడినచోటే పనిచేస్తుంది. కీల పక్క సందుల్లో నీడ, జిడ్డు కింద నీడ. మూత లేకుండా చేత్తో తిప్పే దీపాలైతే అసలు వద్దు, ఆ కిరణాలు కళ్లకూ చర్మానికీ హాని.

హెడ్‌సెట్లో ఆల్కహాల్ పెట్టాల్సింది హెడ్‌బ్యాండుకూ, మైకు కాడకూ. చెవి కుషన్లు రెక్సిన్‌వైతే తరచూ ఆల్కహాల్ తగిలి పొట్టు రేగుతాయి. మైకు మీది స్పాంజి తుడిస్తే శుభ్రం కాదు. ఈ రెండూ ఊడొచ్చే రకమే ఎక్కువ కాబట్టి మనిషికో జత ఇచ్చేయండి. కొత్త హెడ్‌సెట్ల కన్నా చాలా చవక. జలుబున్న మనిషి నోటి ముందు షిఫ్టంతా ఉండేది ఆ స్పాంజే, కీబోర్డు కన్నా నాకు దాని మీదే అనుమానం.

వార్డ్_సిస్టర్:
ఫోను ఎవరిదైనా బాత్రూంకి వెళ్లకుండా ఉంటే సగం పని అయినట్టే. మేం తుడవమని చెప్పడం మానేసి, హాజరు వేసేచోట వైప్స్ డబ్బా, పక్కనే చెత్తబుట్ట పెట్టాం. ఎవరూ అడగకుండానే తుడుచుకుంటున్నారు. కవరు తీసి తుడవమని మాత్రం ఒక కాగితం అంటించండి. సిలికాన్ కవరైతే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి.

షిఫ్ట్_లీడ్:
స్పాంజిల లెక్క ఇవాళే రాసి పంపుతున్నాను. యూవీ పెట్టె కొటేషన్ కూడా మా మేనేజర్ గారి బల్ల మీదే ఉంది, ఈ రెండు కాగితాలూ కలిపి చూపిస్తాను.