అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అమృత్‌సర్, రెండు రోజులు

మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్తే అమృత్‌సర్‌కు రెండు రోజులు సరిపోతాయా అని పోయిన నెల అడిగాను. వెళ్లొచ్చాం, సరిపోయాయి. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది "స్వర్ణదేవాలయానికి దగ్గర్లోనే రూమ్ తీసుకోండి" అన్న మాట. టౌన్‌హాల్ నుంచి గుడిదాకా ఉన్న వీధిలోకి కార్లు రానివ్వరు. దూరంగా దిగి ఉంటే అమ్మ రెండోసారి వచ్చేది కాదు. తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లాం. చలికి పాలరాయి మీద ఉత్తికాళ్లతో నడవడం కష్టమే. కానీ సరోవరంలో ఊగుతున్న ఆ బంగారు నీడను చూస్తూ అమ్మ చాలాసేపు మాటా పలుకూ లేకుండా కూర్చుంది. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో రొట్టె వడ్డిస్తుంటే రెండు చేతులూ చాపి అందుకోవాలి, అమ్మకు అది ఎంతో నచ్చింది.

జలియన్‌వాలా బాగ్ అక్కణ్ణుంచి నాలుగడుగులే. గోడల మీద 1919 నాటి తూటా గుర్తులు ఇంకా ఉన్నాయి. దేశవిభజన గురించిన పార్టిషన్ మ్యూజియానికి సోమవారం సెలవని చెప్పినవారికి రుణపడి ఉంటాను, ఆదివారమే చూసేశాం.

దర్శనం టికెట్ గురించి నేను పడ్డ టెన్షన్ అనవసరం. అసలు టికెట్టే లేదు, తలకు కట్టుకునే గుడ్డ కూడా అక్కడే ఇస్తారు. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని అట్టారీ దగ్గరి పాకిస్తాన్ సరిహద్దు మాత్రం మానుకున్నాం. ఆ సాయంత్రం కూడా అమ్మ సరోవరం దగ్గరే కూర్చుంటానంది.